కోర్టులో మీ కాగితం నిలబడాలంటే: సాక్ష్యాన్ని రుజువు చేసే సమగ్ర మార్గదర్శి

"ప్రోనోటు ఉంది, వాట్సాప్ మెసేజులు ఉన్నాయి, బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది. ఇంకేం కావాలండీ?" దావా వేద్దామని వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఇదే. ఇంకా మనిషి కావాలి. కాగితం తనంతట తాను ఏదీ రుజువు చేయదు. ఇది ఫలానావారి సంతకం, ఫలానా రోజు నా ఎదుట పెట్టారు, ఈ మెసేజ్ ఈ నంబరు నుంచి నా ఫోనుకే వచ్చింది అని ప్రమాణం చేసి చెప్పి, క్రాస్‌లో (ఎదుటి వకీలు వేసే ప్రశ్నల్లో) నిలబడేవాళ్లు ఒకరుండాలి. కొన్ని కాగితాలకు ఆ మనిషి బదులు సర్టిఫికెట్ చాలు. ఏ కాగితానికి మనిషి కావాలి, దేనికి సర్టిఫికెట్ చాలు అన్నది దావా వేయకముందే తేల్చుకోవాలి.

విశాఖపట్నం కోర్టుల్లో సివిల్ దావా వేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. క్రిమినల్ కేసుల సంగతి చివర్లో కొంచెం ఉంది. చదివాక మీ వకీలు దగ్గరకు వెళ్లే పని తప్పదు గానీ, వెళ్లేటప్పుడు సంచిలో ఏం పెట్టుకోవాలో తెలుస్తుంది.

ఉదాహరణకు ఒక కల్పిత కేసు తీసుకుందాం. గాజువాకలో ఒకాయన తెలిసిన కాంట్రాక్టరుకు 5 లక్షలు బ్యాంకు ద్వారా పంపి ప్రోనోటు రాయించుకున్నాడు. వడ్డీ సంగతులన్నీ వాట్సాప్‌లో నడిచాయి. కోర్టుకొచ్చాక కాంట్రాక్టరు మాట మార్చాడు: "సంతకం నాది కాదు. ఆ డబ్బు నేను చేసిన పనికి అడ్వాన్సు."

## 1. మీ కేసుకు ఏ చట్టం?

2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 అమల్లో ఉంది. ఆ రోజుకే పెండింగులో ఉన్న దావా అయితే పాత 1872 సాక్ష్యాధారాల చట్టమే నడుస్తుంది. కొత్త చట్టం 170వ సెక్షన్ ఆ మాట చెబుతోంది.

అందుకే పాత దావాలో ఎలక్ట్రానిక్ రికార్డుకు 65బి సర్టిఫికెట్, కొత్త దావాలో 63(4) సర్టిఫికెట్ వేయాలి. రెండింటి నమూనా ఒకటి కాదు. ఇంటర్నెట్‌లో దొరికిన పాత 65బి నమూనాను కొత్త దావాకు అతికించేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తున్నారు. ఎదుటి వకీలు ముందు పట్టుకునేది దాన్నే.

## 2. కాగితాల పట్టిక రాయండి

ఒక తెల్లకాగితం తీసుకుని, మీ దగ్గరున్న ఒక్కో ఆధారానికీ ఈ ఆరు ప్రశ్నలకు జవాబు రాయండి:

- ఇది దేన్ని రుజువు చేయాలి? (ఒక్క వాక్యంలో)
- నా దగ్గరున్నది అసలా, సర్టిఫైడ్ కాపీయా, జిరాక్సా, ఫోన్లో ఫైలా?
- ఎవరు రాశారు, ఎవరు సంతకం చేశారు, పక్కన ఎవరున్నారు?
- బోనెక్కి దీని గురించి చెప్పేది ఎవరు? ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నారు, వస్తారా?
- స్టాంపు సరిపోయిందా? రిజిస్ట్రేషన్ అవసరమా?
- ఎదుటివాళ్లు ఏమని అభ్యంతరం చెబుతారు?

నాలుగో ప్రశ్నకు జవాబు ఖాళీగా ఉంటే ఆ కాగితం ఇంకా సిద్ధం కానట్టే.

మొదటి ప్రశ్ననూ తేలిగ్గా తీసుకోవద్దు. మన కేసులో బ్యాంకు స్టేట్‌మెంట్ డబ్బు వెళ్లిందని రుజువు చేస్తుంది, అంతవరకే. అది అప్పా అడ్వాన్సా అన్నది స్టేట్‌మెంట్ చెప్పదు. ఆ పని ప్రోనోటు, మెసేజులు చేయాలి.

పట్టిక పూర్తయ్యాక కాగితాలను కాపాడుకునే పద్ధతి:

- లామినేషన్ వద్దు. సముద్రపు చెమ్మకు పాడవుతాయని మన ఊళ్లో దస్తావేజులన్నీ లామినేట్ చేయిస్తారు. దాని మీద కోర్టు సీలు, రాత పడవు, నిపుణుడు సంతకాన్ని సరిగా పరీక్షించలేడు. పారదర్శక కవరులో పెట్టండి, చాలు.
- సంతకం మీదుగా స్టేప్లర్, పంచింగ్, సెల్లోటేపు వద్దు.
- అసలు మీద పెన్నుతో టిక్కులు, గీతలు పెట్టొద్దు. గుర్తులన్నీ జిరాక్స్ మీదే.
- మడత విప్పి, రెండు వైపులా స్కాన్ చేసి ఉంచుకోండి. వెనకవైపు చెల్లు రాతలుంటే అవే కీలకం కావచ్చు.

## 3. దాఖలుకు ముందే స్టాంపు, రిజిస్ట్రేషన్

సంతకం నిజమైనా, సాక్షులు పదిమంది ఉన్నా, స్టాంపు సరిగా లేని కాగితాన్ని స్టాంపు చట్టం 35వ సెక్షన్ గుమ్మంలోనే ఆపేస్తుంది.

ప్రోనోటు. స్టాంపు అంటించాలి, దాన్ని రద్దు చేయాలి. అంటే సంతకం స్టాంపు మీదుగా పోవాలి. స్టాంపు ఉన్నా రద్దు కాకపోతే లేనట్టే లెక్క. ఇతర దస్తావేజులకు లోటు సుంకం, పెనాల్టీ కట్టి బయటపడవచ్చు. ప్రోనోటుకు ఆ దారి లేదు. అప్పుడు దావాను ప్రోనోటు మీద కాకుండా అసలు అప్పు మీద నిలబెట్టవచ్చేమో మీ వకీలుతో మాట్లాడండి. బ్యాంకు బదిలీ ఉన్నవాళ్లకు ఆ అవకాశం మెరుగు.

స్వాధీనంతో కూడిన అమ్మకం ఒప్పందం. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని, ఇల్లు కూడా అప్పగించేసి ఉంటారు. స్వాధీనం ఇచ్చినట్టు అందులో ఉంటే మన రాష్ట్రంలో దాదాపు అమ్మకపు దస్తావేజుకు పడేంత సుంకం పడుతుంది. లోటు సుంకానికి పది రెట్ల దాకా పెనాల్టీ ఉంటుంది. ముందే లెక్క వేయించుకోండి. అది మార్క్ చేసే (నంబరు వేసి సాక్ష్యంలోకి తీసుకునే) రోజు తెలిస్తే వాయిదా పోతుంది, డబ్బు కూడా సిద్ధంగా ఉండదు.

రిజిస్టర్ కాని పంపకాల కాగితం. సుంకం కట్టినంత మాత్రాన రిజిస్ట్రేషన్ లోటు తీరదు. హక్కు రుజువు చేయడానికి పనికిరాదు. స్వాధీనం ఏ స్వభావంతో ఉంది వంటి అనుబంధ విషయానికి మాత్రం చూపవచ్చు. ఆ ప్రయోజనానికేనని మార్క్ చేసేటప్పుడే చెప్పాలి.

ఒక్క మాట గుర్తుంచుకోండి: స్టాంపు లోటున్న కాగితాన్ని అభ్యంతరం లేకుండా కోర్టు సాక్ష్యంలోకి తీసుకుంటే, తర్వాత అదే దావాలో స్టాంపు కారణంగా దాన్ని ప్రశ్నించడం కుదరదు. కాబట్టి ఎదుటివాళ్ల కాగితాలు మార్క్ అయ్యేటప్పుడు మీ వకీలు చెవులు రిక్కించి ఉండాలి.

## 4. అసలు మీ దగ్గర లేకపోతే

చట్టం మొదట అడిగేది అసలునే. నకలు చూపాలంటే అధినియమ్ 60వ సెక్షన్‌లో చెప్పిన కారణాల్లో ఒకటి ఉండాలి. జిరాక్స్ తెచ్చి బల్ల మీద పెడితే సరిపోదు. అసలు ఎక్కడుందో దాన్ని బట్టి దారి మారుతుంది.

ఎదుటివాళ్ల దగ్గరుంటే: 64వ సెక్షన్ ప్రకారం అసలు తెమ్మని ముందు నోటీసు ఇవ్వండి. తేకపోతే మీ నకలుకు దారి తెరుచుకుంటుంది. నోటీసు కాపీ, అందినట్టు రసీదు జాగ్రత్త చేయండి.

బ్యాంకు తాకట్టులో ఉంటే: బ్యాంకుకు సమన్లు పంపించి అసలు తెప్పించమని పిటిషన్ వేయండి. రిజిస్టర్డ్ దస్తావేజైతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకోవడం తేలిక.

పోయి ఉంటే, నాశనమైతే: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నగరంలో ఎన్నో ఇళ్లలో బీరువాల్లోకి నీళ్లు వెళ్లాయి. "హుద్‌హుద్‌లో పోయిందండీ" అన్న మాట అబద్ధం కాకపోవచ్చు, కానీ ఆ ఒక్క మాట కోర్టుకు చాలదు. ఛీఫ్ అఫిడవిట్‌లో (సాక్షి ప్రమాణం చేసి రాసిచ్చే వాంగ్మూలంలో) ఇవన్నీ రావాలి:

- అసలు ఉండేదనీ, దాన్ని ఫలానావారు రాసిచ్చారనీ
- ఎక్కడ దాచారు, ఎప్పుడు, ఎలా పోయింది
- ఎక్కడెక్కడ వెతికారు, పోలీసు ఫిర్యాదు ఇచ్చారా
- చేతిలో ఉన్న నకలు అసలు నుంచే తీసినదా, ఎవరు ఎప్పుడు తీశారు, అసలుతో సరిచూసింది ఎవరు

చివరి అంశాన్ని చాలామంది వదిలేస్తారు. జిరాక్స్‌కు తీసిన జిరాక్స్ అయితే అక్కడే దొరికిపోతారు. నోటరీ ముద్ర ఉంటే నకలు అసలు అయిపోతుందనే నమ్మకమూ ఉంది. కాదు.

## 5. "ఆ సంతకం నాది కాదు" అంటే

అధినియమ్ 65వ సెక్షన్ ప్రకారం ఆ సంతకం ఆయనదేనని రుజువు చేయాల్సింది కాగితం తెచ్చినవాళ్లే. సంతకం రుజువైతే, ప్రోనోటు ప్రతిఫలానికే రాసిచ్చారని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ కింద కోర్టు భావిస్తుంది. అప్పుడు "అది అడ్వాన్సు" అని చూపే భారం కాంట్రాక్టరు మీద పడుతుంది. అందుకే బలమంతా సంతకం మీదే పెట్టాలి.

మొదట: చూసిన మనిషి. సాక్షి సంతకం పెట్టినవాళ్లు, ప్రోనోటు రాసిన లేఖరి. ప్రోనోటుకు సాక్షులు ఉండి తీరాలని చట్టం చెప్పదు. కానీ ఎదుటివాడు కాదన్న రోజున వీళ్లే మీకు దిక్కు. వాళ్లను బోనెక్కించే ముందు కూర్చోబెట్టి ఆ రోజు సంగతి గుర్తు చేసుకోమనండి. చెప్పాల్సింది మీరు నేర్పకండి. క్రాస్‌లో వచ్చే ప్రశ్నలు సాధారణంగా ఇలా ఉంటాయి: ప్రోనోటు పుస్తకం ఎవరు తెచ్చారు? స్టాంపు ముందే అంటించి ఉందా? పెన్ను నీలమా నలుపా? ముందు ఎవరు సంతకం పెట్టారు? మీరు వెళ్లేటప్పటికే రాత పూర్తయిందా? ముగ్గురు సాక్షులు అచ్చుగుద్దినట్టు ఒకే జవాబు చెబితే అదీ అనుమానమే. గుర్తులేనిది గుర్తులేదని చెప్పే సాక్షే నమ్మకంగా కనిపిస్తాడు.

తర్వాత: చేతిరాత ఎరిగినవాళ్లు. సంతకం పెట్టేటప్పుడు చూడకపోయినా, ఆయన సంతకాలు రోజూ చూసే అకౌంటెంటో భాగస్వామో 41వ సెక్షన్ కింద అభిప్రాయం చెప్పవచ్చు.

ఆ తర్వాత: నిపుణుడు. 39వ సెక్షన్ కింద చేతిరాత నిపుణుడి అభిప్రాయానికి పంపమని ఐ.ఏ. (దావా నడుస్తుండగా వేసే పిటిషన్) వేస్తారు. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. పోల్చడానికి ఆయన ఒప్పుకున్న సంతకాలు కావాలి, అవీ ప్రోనోటు తేదీకి దగ్గరి కాలంవి. వకాలతు మీద, జవాబు మీద ఉన్న సంతకాలు చాలవు. గొడవ మొదలయ్యాక పెట్టిన సంతకాన్ని మార్చి పెట్టే వీలుందని కోర్టులు వాటిని సాధారణంగా ఒప్పుకోవు. వెతకాల్సినవి ఇవి:

- బ్యాంకు ఖాతా తెరిచిన ఫారం, ఆ ఏడాది చెక్కులు
- సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్న దస్తావేజులు, వేలిముద్రల రిజిస్టరు
- జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకు) ఇచ్చిన లైసెన్సు లేదా ప్లాను దరఖాస్తు
- విద్యుత్ కనెక్షన్ దరఖాస్తు, ఇంటి అద్దె ఒప్పందం

ఏ ఆఫీసులో ఏ కాగితం ఉందో ముందు తెలుసుకుని, దాన్ని సమన్లతో తెప్పించి, ఆ తర్వాతే నిపుణుడికి పంపే పిటిషన్ అడగాలి. ఈ వరుస తప్పితే "పోల్చడానికి సరైన సంతకాలు లేవు" అన్న ఒక్క వాక్యంతో కవరు తిరిగొస్తుంది. ఏడాది పోతుంది.

జిరాక్స్ మీది సంతకాన్ని పంపడం దాదాపు వృథా. ఒత్తిడి, పెన్ను ఎత్తిన చోటు, సిరా ఆగిన చోటు అందులో కనిపించవు. వేలిముద్ర అయితే శాస్త్రం ఇంకా గట్టిది. కానీ అలికినట్టున్న ముద్రతో ఎవరూ ఏమీ చేయలేరు. ముద్ర వేయించుకునే రోజే రెండు మూడు స్పష్టంగా వేయించుకోండి.

నిపుణుడు చెప్పేది అభిప్రాయమే, తీర్పు కాదు. 72వ సెక్షన్ కింద న్యాయమూర్తి స్వయంగా పోల్చవచ్చు, కోర్టులోనే రాసి చూపమని ఎదుటివారిని అడగవచ్చు. నా లెక్కలో తడబడని ఒక లేఖరి రెండు నిపుణుల నివేదికల పెట్టు.

ఇంకో హెచ్చరిక. రాసిచ్చిన తర్వాత ప్రోనోటులో వడ్డీ రేటు, తేదీ దిద్దకండి. అవతలివారి అనుమతి లేని ముఖ్యమైన మార్పు ప్రోనోటునే చెల్లకుండా చేస్తుంది.

## 6. వీలునామా, పాత దస్తావేజులు

వీలునామా రిజిస్టర్ అయినా సరే, సంతకం చేసిన సాక్షుల్లో కనీసం ఒకరు బతికుండి అందుబాటులో ఉంటే వారిని పిలవాల్సిందే (67వ సెక్షన్). ఆయన రెండు ముక్కలు చెప్పాలి: రాసినవారు సంతకం పెట్టడం చూశాను, వారి ఎదుట నేను సంతకం పెట్టాను. రెండో ముక్క మర్చిపోయిన అఫిడవిట్లు చాలా ఉంటాయి. సాక్షులిద్దరూ చనిపోతే వారిలో ఒకరి చేతిరాతనూ, రాసినవారి సంతకాన్నీ ఎరిగినవాళ్ల ద్వారా రుజువు చేయాలి (68వ సెక్షన్).

ముప్ఫై ఏళ్లు దాటిన దస్తావేజు సరైన చోటు నుంచి వస్తే సంతకాలు నిజమని కోర్టు భావించవచ్చు (92వ సెక్షన్). ఆ వెసులుబాటు అసలుకే, నకలుకు కాదు. వీలునామాకు కూడా వర్తించదు.

## 7. ప్రభుత్వ రికార్డులు, బ్యాంకు కాగితాలు

ప్రభుత్వ రికార్డుకు సర్టిఫైడ్ కాపీ చాలు, అధికారి రావాల్సిన పని లేదు. అడంగల్, 1బి వంటి భూమి రికార్డులను మీభూమి వెబ్‌సైటు నుంచి ప్రింటు తీసి తెస్తారు. ఇంట్లో తీసిన ప్రింటు కన్నా తహసీల్దారు ఆఫీసు నుంచి సర్టిఫై చేయించిన కాపీ తీసుకోండి. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) కూడా దస్తావేజుకు బదులు కాదు. ఫలానా దస్తావేజు నమోదైందని మాత్రమే అది చెబుతుంది.

2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయాక సబ్బవరం, పరవాడ వంటి మండలాలు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. ఆ ఊళ్ల పాత రికార్డు ఏ ఆఫీసులో ఉందో కనుక్కున్నాకే దరఖాస్తు పెట్టండి.

బ్యాంకు స్టేట్‌మెంట్‌కు 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం ఉంది. బ్రాంచికి వెళ్లి స్టేట్‌మెంట్‌తో పాటు ఆ చట్టం 2ఎ సెక్షన్ కింద సర్టిఫికెట్లు కావాలని రాతపూర్వకంగా అడగండి. మొబైల్ యాప్‌లో దిగుమతి చేసిన పీడీఎఫ్ మీద బ్రాంచి రబ్బరు స్టాంపు వేస్తే సరిపోదు. బ్యాంకు పార్టీ కాని కేసుల్లో ప్రత్యేక కారణం ఉండి కోర్టు ఆదేశిస్తే తప్ప బ్యాంకు అధికారి బోనెక్కనక్కర్లేదు. కాబట్టి సర్టిఫికెటే మీ సాక్షి.

## 8. ఫోన్‌లో ఉన్న సాక్ష్యం

ఎక్కువ ప్రశ్నలొచ్చేది, ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. పనుల వరుస ఇది.

మొదటి పని: ఫోను కదిలించకండి. అమ్మకండి, ఎక్స్‌చేంజిలో ఇవ్వకండి, ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి. మాయమయ్యే మెసేజుల అమరిక ఆన్‌లో ఉంటే వెంటనే ఆపండి. ఆ చాట్‌లో ఒక్క మెసేజ్ కూడా తొలగించొద్దు, మీకు వ్యతిరేకంగా ఉన్నది కూడా. మధ్యలో ఖాళీ కనిపిస్తే మిగతాదంతా అనుమానంలో పడుతుంది.

రెండో పని: పూర్తి సంభాషణ తీయండి. అనుకూలంగా ఉన్న నాలుగు స్క్రీన్‌షాట్లు కత్తిరించి తేవద్దు. చాట్ మొత్తం మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేయండి. స్క్రీన్‌షాట్లలో తేదీ, సమయం, పైన నంబరు కనిపించాలి. "కాంట్రాక్టర్ అన్న" అని సేవ్ చేసుకున్న పేరు మీరు పెట్టుకున్నదే, అది ఎవరినీ గుర్తించదు. కాంటాక్ట్ వివరాల పేజీ తెరిచి నంబరు కనిపించేలా ఒకటి తీయండి. చాట్ పైనుంచి కిందకు జరుపుతూ తీసిన స్క్రీన్ రికార్డింగ్ కూడా ఉంటే మంచిది.

మూడో పని: ఫైలును ఇంకొకరికి వాట్సాప్‌లో పంపకండి. ఫొటో అలా పంపితే సైజు తగ్గిపోతుంది, ఎప్పుడు ఏ ఫోనుతో తీశారన్న లోపలి సమాచారం పోతుంది. కేబుల్‌తో కంప్యూటర్‌లోకి తీసి రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టండి. ఒకటి కోర్టుకు, రెండోది తాళం వేసిన బీరువాలోకి.

నాలుగో పని: హాష్ విలువ తీయండి. ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి వచ్చే ఒక సంకేతం ఇది. వేలిముద్ర లాంటిదే. ఫైల్లో ఒక్క అక్షరం మారినా హాష్ మారిపోతుంది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో 64 అక్షరాలు వస్తాయి. విండోస్ కంప్యూటర్లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతో ఉచితంగానే తీయవచ్చు. ఫైలు తీసిన రోజే తీయండి, ఏ పద్ధతో, తేదీ, సమయంతో సహా రాసి పెట్టండి.

ఐదో పని: ఆ నంబరు ఆయనదేనని చూపండి. ఫైలు మారలేదని హాష్ చెబుతుంది. టైపు చేసింది ఎవరో చెప్పదు. దానికి వేరే దారులు:

- అదే నంబరున్న ఆయన విజిటింగ్ కార్డు, బిల్లు, కొటేషన్, షాపు బోర్డు
- ఆ నంబరుకు లింకైన యూపీఐలో వచ్చే పేరు
- సిమ్ తీసుకున్నప్పటి దరఖాస్తు కోసం టెలికాం కంపెనీకి సమన్లు
- ఆయనకు తప్ప వేరొకరికి తెలియని సంగతి మెసేజ్‌లో ఉండటం

చివరిదే అన్నిటికన్నా గట్టిది. "మొన్న ప్రోనోటు మీద రాసినట్టే వచ్చే నెల నుంచి వడ్డీ ఇస్తా అన్నా" అని ఆ నంబరు నుంచి మెసేజ్ వచ్చిందనుకోండి. మన కేసులో సంతకం గొడవకు, అడ్వాన్సు కథకు రెంటికీ అదే జవాబు.

ఆరో పని: 63(4) సర్టిఫికెట్. దీనికి రెండు భాగాలున్నాయి. చట్టం చివరి షెడ్యూలులో నమూనా ఉంది.

భాగం ‘ఎ’ ఆ పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు పూర్తి చేస్తారు. మీ ఫోనైతే మీరే. కంపెనీ, మోడల్, రంగు, సీరియల్ నంబరు, ఐఎంఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య), హాష్ విలువ, ఏ పద్ధతి, తేదీ, ఇరవైనాలుగు గంటల లెక్కలో సమయం, చోటు అన్నీ నింపాలి. భాగం ‘బి’ నిపుణుడు సంతకం చేయాలి. ఆ నిపుణుడి అర్హత కాగితాలు జతచేయండి. రేపు ఆయన్నీ క్రాస్‌కు పిలవొచ్చని ముందే చెప్పండి.

సర్టిఫికెట్ రికార్డుతో పాటే దాఖలు చేయాలి. ఒకే ఫైలును మళ్లీ ఇంకోచోట దాఖలు చేస్తే మళ్లీ జతచేయాలి.

అసలు ఫోనునే కోర్టుకు తెచ్చి దాని యజమానే బోనెక్కితే సర్టిఫికెట్ అక్కర్లేదని పాత చట్టం కింద 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫోను నెలల తరబడి కోర్టులో వదిలేయడం ఎవరికి కుదురుతుంది? అలాగే ఎలక్ట్రానిక్ రికార్డునూ అసలుగానే చూసే కొత్త చట్టం 57వ సెక్షన్ వివరణలు చూపి సర్టిఫికెట్ లేకపోయినా నడుస్తుందని వాదించేవాళ్లున్నారు. ఆ వాదన మీద మీ కేసు పందెం కట్టొద్దు. సర్టిఫికెట్ తీసుకోండి.

పరికరం వేరేవాళ్లదై, సర్టిఫికెట్ ఇవ్వనంటే? ముందు రాతపూర్వకంగా అడగండి. కాదంటే ఇప్పించమని కోర్టులో పిటిషన్ వేయండి. ఆ దారి కూడా అదే తీర్పులో ఉంది. అడిగిన ఉత్తరం లేకుండా ఆ పిటిషన్ బలహీనం.

## 9. సీసీటీవీ: ఆలస్యం చేస్తే ఉండదు

కెమెరా రికార్డు కొన్ని రోజులకే పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. షాపో అపార్ట్‌మెంటో, సంఘటన జరిగిన మర్నాడే ఫలానా తేదీ, ఫలానా గంటల రికార్డు చెరపవద్దని ఉత్తరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

- టీవీ తెర మీద ఆడుతున్నదాన్ని మీ ఫోనుతో వీడియో తీసి తెస్తే అది నకలుకు నకలు. డీవీఆర్ (కెమెరా రికార్డు నిల్వ చేసే పెట్టె) నుంచి నేరుగా తీయించండి.
- డీవీఆర్ గడియారం చాలాచోట్ల తప్పుగా ఉంటుంది. తీసే సమయంలో డీవీఆర్ సమయం, ఫోను సమయం పక్కపక్కన కనిపించేలా ఒక ఫొటో తీసి, తేడా రాసుకోండి.
- ఆ ఫార్మాట్ ఆడటానికి ప్రత్యేక ప్లేయర్ కావాలంటే అదీ పెన్‌డ్రైవులో పెట్టండి.
- భాగం ‘ఎ’ డీవీఆర్ చూసుకునేవారు ఇవ్వాలి. మీరు కాదు.

## 10. మార్క్ చేసే రోజు

సాక్షి ఛీఫ్ అఫిడవిట్‌లో ఒక్కో కాగితం గురించి రాసి, ఎగ్జిబిట్ నంబరు అడుగుతారు. మన దగ్గర వాది కాగితాలు ఎ-1, ఎ-2 అని, ప్రతివాదివి బి-1, బి-2 అని నడుస్తాయి. మార్క్ అయిన కాగితం మీద దావా నంబరు, ఎవరు తెచ్చారు, తేదీ రాసి న్యాయమూర్తి సంతకం చేస్తారు.

ఎదుటి వకీలు లేచి అభ్యంతరం చెబితే అది రికార్డులోకి వచ్చిందో లేదో చూసుకోండి. చాలాసార్లు "అభ్యంతరానికి లోబడి" అని మార్క్ చేసి, తేల్చడం తీర్పుకు వదులుతారు. స్టాంపు అభ్యంతరం మాత్రం అప్పటికప్పుడే తేలాలి.

మార్క్ అయితే గెలిచినట్టేనని ఇంటికెళ్లి స్వీట్లు పంచకండి. కాగితం సాక్ష్యంలోకి రావడం వేరు, అందులోని విషయం నిజమని రుజువు కావడం వేరు. ఎదుటివాళ్ల వైపు నుంచి చూస్తే, నకలు ఎందుకు తెచ్చారు, రుజువు చేసే పద్ధతి తప్పు అన్న రకం అభ్యంతరం అప్పుడే చెప్పాలి. అప్పీలులో మొదటిసారి లేవనెత్తితే సాధారణంగా వినరు.

ఆ రోజు చేతిలో ఉండాల్సినవి:

- అసలు కాగితాలు, దాఖలు జాబితా వరుసలోనే
- కోర్టుకు, ఎదుటివారికి కాపీలు
- ఆలస్యంగా తెచ్చిన కాగితాలను అనుమతించిన ఆర్డరు కాపీ (అనుమతి లేకుంటే మార్క్ కావు)
- సర్టిఫికెట్లు, సీలు వేసిన పెన్‌డ్రైవు, ఆడించి చూపడానికి ల్యాప్‌టాప్
- సాక్షి ఆధార్, కళ్లజోడు

కళ్లజోడు సరదాకు రాయలేదు. తన సంతకాన్ని తానే చదవలేని సాక్షిని క్రాస్ చేయడం చాలా తేలిక.

వ్యాపార వివాదమై, విలువ 3 లక్షలు లేదా అంతకు మించి ఉండి కమర్షియల్ కోర్టుకు వెళ్తే నిబంధనలు ఇంకా కఠినం. కాగితాలన్నీ ప్లెయింటుతోనే (దావా పత్రంతోనే) వేయాలి. ఎదుటివాళ్లు కూడా ఒక్కో కాగితాన్ని ఒప్పుకుంటున్నారో, కాదంటే ఎందుకు కాదంటున్నారో కారణంతో చెప్పాలి.

## 11. క్రిమినల్ కేసులో మీ పాత్ర

ఇక్కడ సాక్ష్యం సేకరించేది పోలీసులు. ఫిర్యాదుదారుగా మీరు చూసుకోవాల్సినవి తక్కువే గానీ ముఖ్యమైనవి.

- ఫోను స్వాధీనం చేసుకుంటే మధ్యవర్తుల నివేదికలో (పంచనామాలో) మోడల్, ఐఎంఈఐ సరిగా రాశారో చదివాకే సంతకం పెట్టండి.
- సోదా, స్వాధీనాలను వీడియో తీయాలని బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 105వ సెక్షన్ చెబుతోంది. తీస్తున్నారా అని అడగడం తప్పు కాదు.
- ఎలక్ట్రానిక్ పరికరం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ఆ వరుస ఛార్జిషీటులో ఉండాలి (193వ సెక్షన్). స్టేషను నుంచి విశాఖలోని ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబుకు వెళ్లేదాకా మధ్యలో ఒక్క రోజు లెక్కకు రాకపోయినా డిఫెన్సు వకీలు అక్కడే కూర్చుంటాడు.

## 12. తీర్పు తర్వాత అసళ్లు

ఇళ్ల దస్తావేజులు, ఫోను, పెన్‌డ్రైవు కోర్టు రికార్డులోనే ఉండిపోతాయి. అప్పీలు గడువు ముగిశాక, లేదా అప్పీలు తేలాక, తిరిగివ్వమని పిటిషన్ వేయాలి. ఈలోపే ఇల్లు అమ్ముకోవాలన్నా, బ్యాంకు లోను పెట్టాలన్నా ఆగక్కర్లేదు. సర్టిఫైడ్ కాపీ దాని స్థానంలో పెట్టి, అడిగినప్పుడు అసలు తెస్తానని హామీ రాసిచ్చి తీసుకోవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ ఆర్డరు 9వ రూలు అందుకే ఉంది. దావాలో గెలిచి, దస్తావేజు తెచ్చుకోవడం మరిచిపోయినవాళ్లు తక్కువేం కాదు. తీర్పు కాపీకి అర్జీ పెట్టిన రోజే దీన్నీ గుమస్తాకు గుర్తు చేయండి.